ఎవరి గిన్నె ఎవరింట్లో

తేమ పుస్తకం. మూడో లెవెల్, పదకొండో గది.
రాయువారు: వేముల ప్రమీలాదేవి, వయసు డెబ్బై మూడు, ఒంటరి.

32వ ఏడు, 203వ రోజు. తేమ 84.

గోడలు తుడిచాను. మంచం వెనక మూలలో అరచేతి మేర బూజు, ఆకుపచ్చది. సున్నపు నీళ్లు కొట్టాను. పుట్టగొడుగుల తొట్టిలో ఊక మార్చాను.

రిమార్కులు: ఈ గడిని మూడు వేళ్ల వెడల్పున గీసినవాళ్లకు నా సంగతి తెలియదు. పైన ఎండకు తాళలేక ఈ పాత బొగ్గు గనిలోకి దిగిన రోజున ఇంటికొక తేమ పుస్తకం చేతిలో పెట్టారు. ఇంట్లో పెద్దవాళ్లు రోజూ రాయాలి: తేమ ఎంత, బూజు ఎక్కడ, ఏం చేశారు. నాకు గడి చాలదు కాబట్టి వెనక పేజీల్లోకి వెళ్లిపోతుంటాను. మూడు నెలలకోసారి గుమాస్తా వచ్చి అంకెలు చూసి ముద్ర వేస్తాడు. రిమార్కులు చదవడు. ముప్పై ఏళ్లు జవాబు పత్రాలు దిద్దిన దాన్ని, చదవకుండా ముద్ర వేసే చేతిని దూరం నుంచే గుర్తుపడతాను.

ఈ రోజు రిమార్కు ఒక్కటే. నా మూతగిన్నె ఇంకా రాలేదు. పక్కింటి కనకవ్వ కూతురు రవళికి జ్వరమంటే పుట్టగొడుగుల పులుసు పోసి పంపాను. ముప్పై రోజులైంది. పులుసు తాగడానికి ముప్పై రోజులు పట్టదు.

అది ఏ గిన్నె పడితే ఆ గిన్నె కాదు. దిగిన పాతికేళ్ల పండుగకు సంక్షేమ సంఘం ఇంటికొకటి పంచింది. బిగుతైన మూత, బరువైన అడుగు. పైగా పేరు ఉచితంగా చెక్కించి ఇచ్చారు, చుక్కలు చుక్కలుగా. ఆ పేర్లు లేకపోతే ఈ లెవెల్లో ఎవరి గిన్నె ఎవరిదో చెప్పడం కష్టం, ఎందుకంటే ఏ గిన్నే దాని ఇంట్లో ఉండదు. కూర పోసి పక్కింటికి పంపుతాం. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదు కదా, వాళ్లు ఏదో ఒకటి పెట్టి పంపాలి. రేషన్‌లో మిగిలితే పెడతారు. మిగలదు. గిన్నె అక్కడే ఉండిపోతుంది. నేనేమీ తక్కువ తినలేదు; నా అలమరలోనూ ఒక పరాయి గిన్నె ఉంది. దాని గురించి ఇప్పుడు రాయను.

205వ రోజు. తేమ 84.

గోడలు తుడిచాను. ప్రణతి వచ్చింది.

ప్రణతి ఊపిరి శాఖలో ఇన్‌స్పెక్టరు. నా దగ్గర తొమ్మిదో తరగతి చదివింది. ధ్వని పాఠం మూడుసార్లు చెప్పించుకుంది. గడప బయటే నిలబడింది. అది చట్టం. శాఖవాళ్ల చెవులు గల్లీల్లో ఉంటాయి, నీళ్ల నల్ల దగ్గర ఉంటాయి, మనుషులను దించే బోను దగ్గర ఉంటాయి. గడప దాటి లోపలికి రావు. దిగిన మూడో ఏట అందరం చేతులెత్తి చేసుకున్న చట్టమిది. నేనూ ఎత్తాను, రెండు చేతులూ.

ఆ చెవులు వెతికేది దగ్గును. బూజు ఊపిరితిత్తుల్లోకి దిగినవాళ్లు దగ్గుతారు. దగ్గేవాళ్లను బోనులో ఎక్కించి ఏడో లెవెల్‌కు దించుతారు. పరీక్ష అక్కడే, వైద్యమూ అక్కడే. పైకి వచ్చినవాళ్లను నేను చూడలేదు. బాగైతే రాకుండా ఉంటారా అని మొదట్లో అనుకునేవాళ్లం. ఇప్పుడు ఎవరూ ఏమీ అనుకోరు.

“బాగున్నరా టీచర్?”

“నువ్వడిగే తీరు చూస్తే బాగలేనట్టుంది. చెప్పు.”

కాగితం తీసింది. తడబడకుండా చదివింది. వేముల ప్రమీలాదేవి ఇంట్లో ఇరవై ఎనిమిది రోజుల్లో దగ్గు, నాలుగు వందల పన్నెండు సార్లు. పొడి దగ్గు. రోజురోజుకూ ఎక్కువ.

“నేనెప్పుడు దగ్గిన్నే?”

“మా లెక్కల అట్లనే ఉంది టీచర్.”

“మీ లెక్క ఏడ కూసోని విన్నది? గడప లోపట చెవులు లేవు గద?”

“చట్టం ప్రకారం లేవు టీచర్.”

“చట్టం సంగతి నాకు తెలుసు. నేను చెవుల సంగతి అడుగుతున్న.”

నేల వైపు చూసింది. తొమ్మిదో తరగతిలోనూ జవాబు రాకపోతే నేల వైపే చూసేది. కాగితం లాక్కుని నేనే చదివాను. కింద సన్నని అక్షరాల్లో ఒక వరుస ఉంది: ‘మధ్యలో వినిపించిన మాటలు – అమ్మా, నీళ్లు. ఏడు సార్లు.’

మాకు పిల్లలు లేరు. ఈ ఇంట్లో నన్ను అమ్మా అని పిలిచినవాళ్లు ఎన్నడూ లేరు. మా ఆయన లింగమూర్తి పోయి నాలుగేళ్లయింది. ఆయన ఉన్నప్పుడూ అమ్మా అని పిలవలేదు.

“నాకు నేనే అమ్మా అని పిల్చుకొని, నాకు నేనే నీళ్లు ఇచ్చుకుంటున్ననా ప్రణతీ?”

“వయసు మీద పడ్డంక కొంతమంది...”

“నోర్ముయ్యి.”

మూసుకుంది. ఈ లెవెల్లోని నూట పది మందిలో ఎవరినైనా దించగల అధికారం ఉన్న పిల్ల, నేను నోర్ముయ్యి అంటే మూసుకుంది. 210వ రోజున బోను అని చెప్పి వెళ్లిపోయింది. గల్లీ మలుపు దాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది.

206వ రోజు. తేమ 85.

గోడలు తుడవడం సగంలో ఆపాను.

‘అమ్మా, నీళ్లు’ అన్న మాట రాత్రంతా నమిలాను. ఈ వరసలో ఉన్నవి మూడు ఇళ్లు. చివరింట్లో ఉండేది నాకంటే ముసలాయన. అమ్మా అని పిలిచే గొంతు ఉన్నది ఒక్క కనకవ్వ ఇంట్లోనే. మరి ఆ ఇంటి మాట నా పేరు మీద ఎలా వచ్చింది? బొగ్గు గోడ రెండు మూరల మందం. నాకే వినబడదు.

వెళ్లి తలుపు కొట్టాను. కనకవ్వ సగమే తీసింది.

“ఏంది టీచరమ్మా?”

“నా గిన్నె. పులుసు ఇంకా అరగలేదా?”

ఆమె ముఖం చిన్నబోయింది. “ఒట్టి గిన్నె ఎట్ల ఇయ్యాలె? పిల్ల పనికి పోక నెల దాటె. రేషన్ సగం కోసిన్రు. ఏదన్న చేసి పోసిద్దామని ఇయ్యాల రేపు అనుకుంట ఉన్న. మా ఇంటికి ఒగలు గిన్నె పంపక ఎన్నేండ్లాయె. నువ్వు పంపితివి. దాన్ని ఒట్టిగ ఎట్ల...”

లోపల రవళి దగ్గింది.

మా ఇద్దరి చూపులూ ఒకేసారి నేల మీద పడ్డాయి. దగ్గు ఆగలేదు. ఆగాక, “అమ్మా, నీళ్లు,” అంది.

నేను వేలు పెదవుల మీద పెట్టుకుని, అడగకుండానే గడప దాటాను. ఇరవై రెండేళ్ల పిల్ల, చెంపలు లోపలికి పోయి నలభై ఏళ్లదానిలా పడుకుని ఉంది. మంచం పక్కన పీట. పీట మీద నా మూతగిన్నె, అందులో తాగే నీళ్లు. గిన్నెకూ ఆ పిల్ల నోటికీ మధ్య జానెడు దూరం లేదు.

నీళ్లు చెంబులోకి వంచి గిన్నె తీసుకున్నాను. కనకవ్వ నా చెయ్యి పట్టుకుంది. ఎందుకు తీసుకుంటున్నావని అడుగుతుందనుకున్నాను. ఉప్పు డబ్బా తెచ్చి, అడుగున గీరి, నాలుగు గల్లులు గిన్నెలో వేసి అప్పుడు చెయ్యి వదిలింది.

ఇంటికొచ్చి గిన్నెను గోటితో కొట్టాను. కొట్టులో గిన్నె కొనేటప్పుడు ప్రతి ఆడదీ చేసే పనే ఇది. మంచి స్టీలు మోగి, మోత కాసేపు నిలుస్తుంది. ఈ గిన్నెను ఏడేళ్లుగా తోముతున్నాను, ఒక్కసారీ కొట్టి చూడలేదు. ఉచితంగా ఇచ్చింది కదా. అది మోగలేదు. తడిగుడ్డ మీద కొట్టినట్టు చచ్చిన చప్పుడు. పిల్లలకు ముప్పై ఏళ్లు ధ్వని పాఠం చెప్పింది నేనేనా అని నాకే అనుమానం వచ్చింది.

మా ఆయన ఆకురాయి తీసి అడుగు అంచును రాకాను. అడుగు కింద ఇంకో అడుగు ఉంది. మధ్యలో కందిబద్దంత పూస. దాని మీద చూపుకు ఆననంత సన్నగా 3-11. అది నా గుమ్మం నంబరు.

గడప దాటకూడదని చట్టం చేస్తే వాళ్లు గడప దాటలేదు. మనమే చేతులు చాపి తెచ్చుకుని, అలమరలో పెట్టుకుని, పండుగ పూట పసుపు రాసుకున్నాం.

అయితే వాళ్లదీ ఒక తప్పు ఉంది. పేరున్నవాళ్ల ఇంట్లోనే గిన్నె ఉంటుందనుకున్నారు. ఈ పథకం వేసిన మనిషి జన్మలో పక్కింటికి కూర పంపి ఉండడు.

207వ రోజు. తేమ 85.

గోడలు తుడవలేదు.

పూసను ఊకలో పాతిపెట్టాను. తర్వాత అలమర తలుపు తీశాను. మొన్న రాయనన్న గిన్నె గురించి ఈ రోజు రాయక తప్పదు.

పై అరలో, వెనక, దుమ్ము పట్టి ఉంది. కిందికి దించి కొంగుతో తుడిస్తే చుక్కల పేరు బయటపడింది. ఓదేలు. కనకవ్వ మొగుడు. నాలుగేళ్ల కిందట అతన్ని దించారు.

ఎందుకు తిరిగి ఇవ్వలేదంటే, మొదట మా ఆయన జబ్బు. తర్వాత ఆయన పోవడం. ఆ తర్వాత, దగ్గు దాచిన మనిషి ఇంటికి వెళ్లడమెందుకన్న జంకు. ఆ పైన సిగ్గు. నాలుగేళ్లు గడిచాక ఏం పెట్టి ఇస్తే బాగుంటుంది? అందుకే ఆ పులుసు నా గిన్నెలో పంపాను, దీన్ని ముట్టుకోలేదు.

గోటితో కొట్టాను. ఇదీ చచ్చిన చప్పుడే.

ఓదేలు గిన్నె మా ఇంటికి ఎప్పుడు వచ్చిందో గుర్తు చేసుకోబోయాను, రాలేదు. పాత తేమ పుస్తకం తీశాను. నా చేతిరాతే. ఉన్నది ఉన్నట్టు దింపుతున్నాను.

28వ ఏడు, 61వ రోజు. తేమ 80. ఓదేలు ఇంటి నుంచి సర్వపిండి, వాళ్ల మూతగిన్నెలో. ఆయన ఒక ముక్క తిన్నారు.

28వ ఏడు, 74వ రోజు. తేమ 82. దగ్గు ఎక్కువైంది. ఆయన గడప దాటి ఐదు నెలలు. లోపల దగ్గితే భయం లేదు, లోపల చెవులు లేవు.

28వ ఏడు, 97వ రోజు. తేమ 83. మాట తడబడుతోంది. పైన ఇంట్లో ఉన్నాననుకుంటున్నారు. ప్రమీలా, కిటికీ తెరువు అన్నారు. తెరిచానన్నాను.

28వ ఏడు, 102వ రోజు. తేమ 83. పక్కింటి ఓదేలును దించారు. ఎన్నాళ్ల నుంచి దాస్తున్నాడో. ఇలా దాచేవాళ్ల వల్లే అందరికీ ముప్పు.

28వ ఏడు, 111వ రోజు. తేమ 81. ఆయన పోయారు. గుండె అని రాయించాను.

112వ రోజు దగ్గర తేమ అంకె ఒక్కటే ఉంది.

ఈ ఐదు ముక్కలూ ఎన్నిసార్లు చదివానో. ఏడు నెలలు దగ్గింది లింగమూర్తి. ఆయన మంచం పక్క అలమరలో విన్నది ఓదేలు గిన్నె. దించింది ఓదేలును. ఆ తర్వాత తొమ్మిదో రోజున ఈయన పోయాడు, దగ్గు ఆగిపోయింది. శాఖవాళ్లకు లెక్క సరిపోయింది. ఓదేలును దించాం, దగ్గు ఆగింది. ఇంకేం కావాలి?

నా మొగుడు ఆఖరి రోజుల్లో నాతో అన్న మాటలు ఎక్కడో ఒక ఫైలులో ఓదేలు మాటలుగా ఉన్నాయి. ఎవరో గుమాస్తా విన్నాడు. కిటికీ తెరిచానని నేనాడిన అబద్ధం కూడా విని ఉంటాడు. ఆయన పోయాక ఈ నాలుగేళ్లూ నేను గోడలతో, పుట్టగొడుగులతో, ఆయన చొక్కాతో మాట్లాడినదంతా ఓదేలు పేరు మీదే చేరి ఉంటుంది.

అన్నం దించుకుని ముందు పెట్టుకున్నాను. తినలేదు. ఇంట్లో ఎవరో ఉన్నట్టుంది. ఉన్నది నేనొక్కదాన్నే అని తెలిసి కూడా రెండుసార్లు వెనక్కి చూశాను.

208వ రోజు. తేమ 86.

గల్లీ చివర పెద్ద గాలిపంకా ఉంది. దాని ముందు నిలబడితే మన మాట మనకే వినబడదు. చెవిలో నోరు పెట్టి చెప్పాలి. కనకవ్వను అక్కడికి పిలిచాను.

“ఓదేలు దగ్గలేదు,” అన్నాను. “దగ్గింది మా ఆయన. మీ గిన్నె నా ఇంట్ల ఉండె. గిన్నెల చెవి ఉన్నది.”

తల ఊపింది. వినబడలేదేమోనని మళ్లీ చెప్పాను.

“ఇన్న. నాకెర్కే టీచరమ్మా.”

“ఎప్పట్నుంచి?”

“ఆయన్ని తీస్కపోయిన దినం నుంచి.”

పంకా గాలికి ఆమె కొంగు నా ముఖం మీద కొడుతోంది. పక్కకు తీసుకోలేదు, నేనూ తీయలేదు.

“కాగితం ఇచ్చిన్రు గద. ఆయన సదివిండు. ‘ప్రమీలా, కిటికీ తెరువు’ అని రాసున్నది అండ్ల. మా ఇంట్ల ప్రమీల ఎవలు? ఈ బొగ్గు బాయిల కిటికీ ఏడుంది? మన మూతగిన్నె ఏడుందే అన్నడు. టీచరమ్మోళ్లింట్ల అన్న. అడగకు, ఊకో అన్నడు.”

“ఎందుకు?”

“సారు ఇంక పది దినాలు సుత ఉండడు, ఆమె చేతులనే పోనీ అన్నడు. నాకైతే ఏం లేదు, కింద పరీక్ష చేస్తే తేలిపోతది, పది దినాలల్ల మల్లొస్త అన్నడు. ఆఫీసరు వచ్చి, నా చెవితోని ఇన్నట్టు రాయాలె, దగ్గు అంటే, దగ్గి సూపిచ్చిండు. దున్నపోతు లెక్క. నాకు నవ్వొచ్చింది టీచరమ్మా. ఆయన ముందట నవ్విన గూడ.”

అంటే ఓదేలూ లెక్క తప్పాడు. మంచితనమే కావచ్చు, కానీ లెక్క మాత్రం తప్పాడు. పరీక్షలో ఏం తేలిందో, అసలు పరీక్ష చేశారో లేదో, నాలుగేళ్లుగా పైకి ఒక్క మాట రాలేదు.

“నాతోని ఒక్క మాట అనలేదేం కనకవ్వా?”

“నువ్వు నల్ల కాడ అంటుంటివి గద. దాచెటోళ్లతోనే అందరికి ముప్పని. బిందె పట్టుకొని నీ ఎన్కనే ఉన్న.”

పంకా హోరులో ఈ మాట సరిగా వినబడలేదు. రెండుసార్లు అడిగి మరీ చెప్పించుకున్నాను.

“గిన్నె తెస్తవని సూసిన,” అంది. “తెచ్చిననాడు అడుగుదామనుకున్న. నువ్వు తేలే.”

అంతా తెలిసీ నా గిన్నెను రవళి పక్కన ఎందుకు పెట్టుకుందో నేను అడగలేదు. అసలు సంగతి ఆమె ముందు పెట్టాను. నా గిన్నె అడుగు కోసి ఉంది, పూస నా దగ్గర ఉంది. ప్రణతికి చూపిస్తే, ఏ గిన్నె ఎవరింట్లో విన్నదో వాళ్లకే తెలియదని తేలిపోతుంది. ఓదేలు ఫైలు తెరవక తప్పదు. బతికి ఉంటే పైకి రావచ్చు. కానీ ప్రణతి అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: ఈ నెల నీ గిన్నె ఎవరింట్లో ఉంది? రవళి దగ్గు నిజం దగ్గు. ఓదేలును పైకి తెచ్చే మాటే రవళిని కిందికి దించుతుంది.

“ఎట్ల చేద్దాం?” అన్నాను.

“నన్నడుగుతున్నవా? మొగడా బిడ్డా అని నన్నడుగుతున్నవా?” ఆమె చెంగు సర్దుకుంది. “ఆయన ఏం చేసిండో నాకెర్క. నువ్వేం చేస్తవో నాకెర్క లేదు.”

బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది.

209వ రోజు. తేమ 86.

గోడలు రెండుసార్లు తుడిచాను. చేతులకు ఏదో పని కావాలి.

రవళి దగ్గరకు వెళ్లాను. దగ్గు వచ్చినప్పుడు దిండును నోటికి ఎలా అదుముకోవాలో, ఆవిరి ఎలా పట్టాలో చూపించాను. లింగమూర్తికి చేసినవే. అతనికి పెద్దగా పనిచేయలేదని చెప్పలేదు. ఆయన పక్కనే ఏడు నెలలు పడుకున్నానని, నాకు ఇప్పటిదాకా ఒక్క దగ్గూ రాలేదని మాత్రం చెప్పాను.

ఆ పిల్ల దిండు పక్కన పెట్టింది. “అయితే ఇది అంటది కాదా టీచర్? మరి అందర్నెందుకు దించుతున్నరు?”

తరగతిలో ఇలాంటి ప్రశ్న అడిగిన పిల్లను ముందు బెంచీకి పిలిచేదాన్ని. ఒక్క మనిషి ఊపిరితిత్తులు రుజువు కావని చెప్పాను. అది నిజం. ముప్పై రెండేళ్లలో ఎవరూ రెండో మనిషిని వెతకలేదన్నదీ నిజమే. అది చెప్పలేదు.

“అమ్మ మీతోని మాట్లాడ్తలేదెందుకు?” అంది.

“మీ గిన్నె నేను మల్ల ఇయ్యలేదు,” అన్నాను.

ఇంటికొచ్చి చాలాసేపు లెక్క వేశాను. నేను దిగితే ఏమవుతుంది? పూస ఊకలో ఉంది, ఓదేలు గిన్నెనూ దాని పక్కనే పాతాను; ఇక నా పేరు మీద దగ్గు వినబడదు. శాఖవాళ్లకు మళ్లీ లెక్క సరిపోతుంది. కనకవ్వ ఇంట్లో వేరే గిన్నె లేదు. నాలుగేళ్లుగా ఎవరూ పంపకపోవడం ఈ ఒక్కసారికి పనికొచ్చింది. రవళి బతికినన్నాళ్లు తల్లి చేతుల్లో ఉంటుంది. కింద పరీక్ష చేస్తే నాకేమీ లేదని తేలుతుంది, పది రోజుల్లో వస్తానని నేను అనుకోవడం లేదు. ఆ తప్పు ఒకరు చేసి చూపించారు.

భయం లేదని రాస్తే అబద్ధం. ఈ పుస్తకంలో అంకెలు తప్ప అబద్ధాలు రాయలేదు.

210వ రోజు. తేమ 87.

బోను రావడానికి ఇంకా కొంచెం టైముంది. ఇది రాసి పుస్తకాలు రెండూ, పాతదీ ఇదీ, ఊక కూరిన డబ్బాలో పూసతో సహా కనకవ్వ చేతిలో పెడతాను. ఎవరికి చూపాలో, ఎప్పుడు చూపాలో ఆమె ఇష్టం. రవళిని ఎవరూ ఏమీ చేయలేని రోజు ఒకటి వస్తుంది, ఏ రకంగానైనా. ఆ రోజు ఓదేలు కోసం ఈ పేజీలు పనికిరావచ్చు.

ఇందాక ప్రణతి ఒంటరిగా వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఈసారి గడప బయట నిలబడలేదు, లోపలికి వచ్చి తలుపు వేసింది. గొంతు తగ్గించి అడిగింది.

“టీచర్, మీ మూతగిన్నె ఏడుంది?”

“ఎందుకు?”

“మీరు అడిగిన ప్రశ్న నన్ను నిద్ర పోనియ్యలే. నిన్న మా అమ్మ గిన్నె వెతికిన. మా ఇంట్ల లేదు. ఏడుందే అంటే, ఐదో లెవెల్ల మా చిన్నమ్మోళ్లింట్ల ఉందన్నది. రెండేండ్ల సంది.” మూసిన తలుపు వైపు ఒకసారి చూసింది. “ఐదేండ్లల్ల పందొమ్మిది మందిని ఈ లెక్క మీద దించినం టీచర్. ఒక్క కేసు రుజువైతే చాలు, నేను అన్నీ తెరిపిస్త. మీరు ఒక్క మాట చెప్పండి. ఈ నెల మీ గిన్నె ఎవరింట్ల ఉండె?”

నా విద్యార్థులందరిలో మందమతి అనుకున్న పిల్ల. జవాబు దాకా తనంతట తాను నడిచి వచ్చింది. భుజం తట్టాలనిపించింది. పందొమ్మిది మంది. ఒక వైపు పందొమ్మిది, ఒక వైపు ఒకటి. లెక్కల టీచరును కాకపోయినా ఆ మాత్రం తెలుసు.

తలుపు తోసుకుని కనకవ్వ వచ్చింది. ఎంతసేపటి నుంచి బయట నిలబడి ఉందో. గోడకు ఆనుకుని నిలబడింది. నా వైపు చూడలేదు. బతిమాలలేదు.

“నా గిన్నె గడప దాటలేదు,” అన్నాను.

“టీచర్...”

“రాసుకో. ఇంట్లనే ఉండె. దగ్గు నాదే.”

“మరి ‘అమ్మా, నీళ్లు’?”

“వయసు మీద పడ్డంక కొంతమంది పిల్చుకుంటరట. నువ్వే చెప్పినవ్ గద.”

ప్రణతి నన్ను చూసింది. తర్వాత కనకవ్వను చూసింది. కనకవ్వ చేతులు రెండూ కొంగు కింద ఉన్నాయి. ఆ పిల్లకు అర్థమైంది. అర్థమైనట్టు ముఖంలో కనబడనివ్వకుండా ఫారం తీసి గోడకు ఆనించింది.

“అయితే ఒకసారి దగ్గాలె టీచర్. నా చెవితోని ఇన్నట్టు రాయాలె. అబద్ధం రాయను.”

దగ్గడం కష్టమేముంది అనుకున్నాను. గొంతు సవరించుకున్నాను. ఏమీ రాలేదు. డెబ్బై మూడేళ్లు వచ్చినా నాకంటూ ఒక దగ్గు లేదు. అప్పుడు నాకు తెలిసినదాన్ని తలచుకున్నాను. ఏడు నెలలు పక్కలో పడుకుని విన్నది. రెండు పొట్టివి, ఆగి, ఒక పొడుగుది, చివర సన్నని ఈల, ఈల తెగాక ఊపిరి కోసం వెతుకులాట.

దగ్గాను.

అది గదిలో తిరిగి నా దగ్గరకే వచ్చింది. నాలుగేళ్ల తర్వాత లింగమూర్తి ఈ ఇంట్లో దగ్గాడు. ఆపుదామంటే ఆగలేదు, రెండోసారీ వచ్చింది, చివరి ఈలతో సహా.

ప్రణతి కళ్లు మూసుకుని రాసింది. “విన్నాను,” అని చదివి వినిపించింది.

కనకవ్వ గోడ వదిలి రెండు అడుగులు ముందుకు వచ్చింది. నా నోటి వైపు చూస్తోంది. తన మొగుణ్ని తీసుకుపోయిన చప్పుడును ఆమె ఎన్నడూ వినలేదు.

“గిదేనా?” అంది.

“గిదే,” అన్నాను.